మా పొదిలి ఇంట్లో ఎర్ర రొయ్యలు

మాది పొదిలి అనగానే హాస్టల్లో ఎవడో ఒకడు "మీ వైపు నీళ్లుంటాయారా?" అంటాడు. ఉంటాయి. బోరు వేస్తే పడతాయి కూడా, కాకపోతే తాగలేం. ఫ్లోరైడ్ అనే మాట కెమిస్ట్రీ పుస్తకంలో చూడకముందే మా పిల్లలకి తెలుసు. తాగడానికి 20 లీటర్ల క్యాన్, మిగతా వాటికి బోరు. అలాంటి ఇంట్లో నేను రొయ్యలు పెంచుతానన్నాను.

"మనుషులకే కొనుక్కుంటుంటే రొయ్యలకేందిరా నీళ్లు?" అంది నాయనమ్మ. న్యాయమైన ప్రశ్నే.

తినే రొయ్యలు కాదండోయ్. ఒంగోలు అవతల సముద్రం వైపు చెరువుల్లో పెంచే వనామీ వేరు. ఇవి చెర్రీ రొయ్యలు, శాస్త్రీయంగా నియోకారిడినా డేవిడి. తైవాన్, చైనా వాగుల్లోవి. సహజంగా మట్టి రంగులో ఉంటాయి; కాస్త ఎరుపు కనిపించినవాటిని తరాల తరబడి ఏరి జతకట్టించి ఈ రంగు తెచ్చారు. పెద్దది కూడా మూడు సెంటీమీటర్లే.

మొదటిసారి 40 లీటర్ల తొట్టెలో మంచి నీళ్లు కదా అని మొత్తం క్యాన్ నీళ్లే పోశాను. అదే రోజు ఇరవై రొయ్యలు వదిలాను. పది రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు. నేను చేసిన తప్పులు రెండు. కొత్త తొట్టెలో వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజిలో, ఇసుకలో స్థిరపడటానికి నెల దాకా పడుతుంది. అప్పటిదాకా చిటికెడు మేత వేస్తూ ఖాళీ తొట్టెనే నడపాలి. రెండో తప్పు ఆ క్యాన్ నీళ్లే. పాము కుబుసంలా రొయ్య పెంకు విడుస్తుంది. కొత్త పెంకుకి కాల్షియం కావాలి, ఆర్‌ఓ నీళ్లలో అది దాదాపు ఉండదు. మాకు పనికిరాని బోరు నీళ్లలో మాత్రం దండిగా ఉంది!

వాటర్ ప్లాంట్ అబ్బాయి దగ్గర టీడీఎస్ మీటర్ అడిగి చూశాను. బోరు 1,100, క్యాన్ 40. ఒక వంతు బోరు, మూడు వంతులు క్యాన్ కలిపితే 305. చెర్రీ రొయ్యకి అది సరిపోయింది.

రెండోసారి తెచ్చిన పన్నెండూ నిలబడ్డాయి. ఆడ రొయ్య మెడ వెనక పసుపు మచ్చ కనిపిస్తే లోపల గుడ్లు తయారవుతున్నట్టు. అది పెంకు విడిచిన రోజు మగవన్నీ తొట్టెంతా పిచ్చిపట్టినట్టు ఈదుతాయి, నీళ్లలో దాని వాసన పట్టి. తర్వాత ఇరవై ముప్ఫై గుడ్లు పొట్ట కింద చేరతాయి. మూడు నాలుగు వారాలు తల్లి వాటికి కాళ్లతో విసురుతూనే ఉంటుంది. మన నదుల్లోని నీలకంఠ రొయ్య మంచినీటిదే అయినా, దాని పిల్లలు బతకడానికి కొంత ఉప్పునీరు కావాలి. చెర్రీకి ఆ బాధ లేదు. గుడ్డులోంచి వచ్చేది రెండు మిల్లీమీటర్ల పూర్తి రొయ్యే. ఫిల్టర్ లాగేయకుండా స్పాంజి ఫిల్టర్, దాక్కోవడానికి నాచు, మేయడానికి ఎండు బాదం ఆకు ఉంటే చాలు.

చేపల మందులు మాత్రం దగ్గరికి రానివ్వకండి, చాలావాటిలో రాగి ఉంటుంది. రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసేదీ రాగే, కానీ నీళ్లలో అది కాస్త ఎక్కువైతే రొయ్య చస్తుంది. పొలంలో మైలుతుత్తం కలిపిన బకెట్‌తో తొట్టె కడగొద్దు. గదిలో దోమల స్ప్రే కూడా కొట్టొద్దు.

అసలు పరీక్ష మే నెల. నీళ్లు 30 డిగ్రీలు దాటితే రొయ్యలు నీరసిస్తాయి, ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మాది పొడిగాలి కాబట్టి ఈ ఉపాయం సముద్రం ఒడ్డు ఊళ్లకంటే బాగా పనిచేస్తుంది. కరెంటు పోతే బ్యాటరీ పంపు. ఆవిరయ్యేది నీరే, లవణాలు కాదు. వారానికి ఏడు లీటర్లు తగ్గాయని బోరు నీళ్లు పోస్తే టీడీఎస్ ప్రతివారం 190 పెరుగుతుంది. నెల తిరిగేసరికి వెయ్యి దాటుతుంది. అందుకే తగ్గినంతా క్యాన్ నీళ్లే పోయాలి. నాయనమ్మకి ఈ లెక్క చెప్పి, వారానికి ఏడు లీటర్లకి ఒప్పించాను. తొట్టెలోంచి తీసిన పాత నీళ్లు ఆమె కరివేపాకు చెట్టుకి పోయాలన్న షరతు మీద.

కాలేజీకి వచ్చేటప్పుడు అద్దం మీద నెయిల్ పాలిష్‌తో గీత గీసి, ఆ గీత దాకా క్యాన్ నీళ్లు పోయమని చెప్పొచ్చాను. మొన్న ఆదివారం ఫోన్ చేసింది.

"ఒకటి చచ్చిందిరా. తెల్లగా, బోలుగా పడుంది. తీసి పారేయనా?"

"వద్దు నాయనమ్మా, అది వదిలేసిన పెంకు. వాటినే తిననీ."