మనసు జబ్బు పడ్డ కూలీకి పింఛను ఎట్లా వస్తుంది?

నూర్పిడి మిషన్లో చెయ్యి పోగొట్టుకున్న కూలీని చూస్తే ఎవరికైనా విషయం అర్థమవుతుంది. మతి చెదిరిన కూలీ సంగతి అట్లా కాదు. అతను మన పక్కనే గట్టు మీద కూర్చుని ఉంటాడు. కాళ్లూ చేతులూ చక్కగా ఉంటాయి. పెడితే తింటాడు. పిలిస్తే ఒక్కోసారి పలుకుతాడు. అందుకే ఊళ్లో అతని గురించి రెండే మాటలు వినపడతాయి. ఒకటి "పిచ్చోడు". రెండోది "పనిదొంగ". మొదటి మాట మనసుకు తగులుతుంది. రెండో మాట కడుపు మీద కొడుతుంది. ఎందుకంటే సదరం క్యాంపులో కాగితం రాసేవాళ్ల మనసులో కూడా ఈ రెండో మాటే మెదులుతూ ఉంటుంది.

మానసిక జబ్బు వల్ల వచ్చే వైకల్యం చట్టం దృష్టిలో వైకల్యమే. ఇదేదో కొత్తగా దయతలచి ఇచ్చింది కాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలోనే మానసిక జబ్బును చేర్చారు. 2016లో వచ్చిన చట్టం, అంటే 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతున్నది, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులోనూ ఇది ఉంది. అంతకుముందు 1912లో తెల్లదొరలు చేసిన పిచ్చివాళ్ల చట్టం ఉండేది. రోగిని పట్టుకుని గోడల మధ్య పెట్టడమే దానికి తెలిసిన వైద్యం. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగు దశాబ్దాల దాకా పాలకులు దాన్ని మార్చలేదు. 1987లో కొత్త చట్టం చేసి, దాన్ని 1993లో గాని అమలులోకి తేలేదు. ఈ జబ్బు ఎక్కువగా ఎవరి నోరు మూయిస్తుందో, వాళ్లకు ఓట్లడిగే నాథుడు లేడు గదా!

చట్టంలో ఉన్నది పేదవాడి గుమ్మం దాకా ఎందుకు రాదో తెలియాలంటే ఒక ఊరి సంగతి చెప్పాలి. అది కృష్ణా డెల్టా శివారు గ్రామం. కాలవ చివరి భూములు. ఊరి పేరు రాయడం లేదు, ఆ కుటుంబం అక్కడే బతకాలి. ఇద్దరు మిత్రులు. చిన్నప్పటినుంచి ఒకే ముఠాలో నాట్లకీ కోతలకీ పోయినవాళ్లు. ఒకతను ఇప్పుడా ముఠాకి మేస్త్రీ. రెండో అతనికి తొమ్మిదేళ్ల కిందట జబ్బు మొదలైంది. కాలవ అవతలి గట్టు నుంచి ఎవరో తనను తిడుతున్నారని నాటుతున్న చేను మధ్యలో లేచి పోయేవాడు. నిద్ర లేదు. స్నానం లేదు. గాలి సోకిందన్నారు. చేతబడి అన్నారు. మంత్రాలకీ తాయెత్తులకీ రెండేళ్లు పోయాయి. భార్య పుస్తెలు పోయాయి. వడ్డీ మాత్రం నిలిచింది. చివరికి మేస్త్రీయే బస్సెక్కించి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాడు. స్కిజోఫ్రీనియా అన్నారు. మందులతో తిట్లు వినపడడం చాలావరకు తగ్గింది. మనిషి మాత్రం పూర్తిగా వెనక్కి రాలేదు. పొద్దున లేచి పని మీదికి పోవాలన్న ఊపు రాదు. చెప్పిన పని సగంలో మరిచిపోతాడు. నలుగురిలో కూర్చోలేడు.

ఈ జబ్బులున్నవారిలో ఇతను అదృష్టవంతుడే అనాలి. బెంగళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం తీవ్రమైన మానసిక జబ్బులున్నవారిలో నూటికి డెబ్బైమందికి పైగా అసలు వైద్యమే అందడం లేదు.

సచివాలయంలో సదరం స్లాటు తీసుకుని మొదటిసారి భార్యాభర్తలిద్దరే వెళ్లారు. ఆ రోజు అతను నిమ్మళంగా ఉన్నాడు. భార్య తలంటు పోసి, పెళ్లినాటి తెల్లచొక్కా తొడిగి మరీ తీసుకుపోయింది. పెద్దాసుపత్రికి పోతున్నాం, నలుగురూ చూస్తారని. గదిలో అడిగిన ప్రశ్నలు నాలుగైదు. పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. "అన్నం నీ అంతట నువ్వే తింటావా?" "తింటానండి." "పనికి పోతావా?" "ఎందుకు పోనండీ, నాట్లకి పోతా, కోతకి పోతా." భార్య నోరు తెరవబోతే "నిన్నడగలేదమ్మా" అన్నారు. వచ్చిన కాగితంలో వైకల్యం 40 శాతానికి లోపు అని ఉంది. పింఛనుకు 40 ఉండాలి.

అతను అబద్ధం చెప్పలేదు. పనికి పోతాడు. ఎప్పుడు పోతాడు, ఎంతసేపు చేస్తాడు, తిరిగి ఎట్లా వస్తాడు అని ఎవరూ అడగలేదు. ఇంకొక సంగతి కూడా ఉంది. కూలివాడికి "నాకు పని చేతకాదు" అని చెప్పడం కంటే సిగ్గుచేటు మరొకటి లేదు. చిన్నప్పటినుంచి పనితోనే అతన్ని నలుగురూ మనిషిగా లెక్కవేశారు. ముక్కూ మొహం తెలియని డాక్టరు ముందు ఆ ఒక్క గౌరవాన్నీ వదులుకోమంటే ఎవరు వదులుకుంటారు?

ఇక్కడ కార్యకర్తలు ఒక లెక్క తెలుసుకోవాలి. మానసిక వైకల్యాన్ని కొలవడానికి కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన పద్ధతి ఒకటుంది. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో దాన్ని ఐడియాస్ అంటారు. నాలుగు విషయాలు చూస్తారు. తన ఒళ్లు తాను చూసుకోవడం, అంటే స్నానం, బట్ట, తిండి. ఇంటివాళ్లతోనూ నలుగురితోనూ మెలగడం. మాట చెప్పడం, చెప్పింది అర్థం చేసుకోవడం. నాలుగోది పని. ఒక్కొక్క దానికి సున్న నుంచి 4 దాకా వేస్తారు. ఇబ్బంది ఎక్కువైతే మార్కు ఎక్కువ. వీటికి జబ్బు ఎన్నేళ్లుగా ఉందో ఆ మార్కు కలుపుతారు. రెండేళ్ల లోపైతే 1, ఐదేళ్ల దాకా 2, ఆరు నుంచి పదేళ్లయితే 3, పదేళ్లు దాటితే 4. మొత్తం 20. అందులో 7 వస్తే 40 శాతం కింద లెక్క. 6 దగ్గర ఆగితే వైకల్యం స్వల్పమంటారు. పింఛను రాదు.

మన మిత్రుడికి ఈ లెక్క వేసి చూడండి. జబ్బు తొమ్మిదేళ్లది, 3 రావాలి. కాని పాత చీటీలు లేకుండా పోయి, ఈమధ్యే మొదలైందని రాస్తే వచ్చేది 1. అక్కడే రెండు మార్కులు పోయాయి. పని దగ్గర "పోతానండి" అన్నందుకు 2 రావలసినచోట 1 పడుతుంది. ఒక్కొక్క మార్కు అట్లా జారిపోతే మనిషి ఎంత బాధపడుతున్నా 7 దాకా రాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఒక్క మార్కు ఖరీదు నెలకు 6,000 రూపాయలు. పెట్టె అడుగున ఎలకలు కొరుకుతున్న ఆసుపత్రి చీటీ రెండెకరాల పట్టాకి తీసిపోదని మన ఆడవాళ్లకు ఎవరైనా చెప్పారా?

మేస్త్రీకి ఈ లెక్కంతా తెలియదు. ఆయనకు తెలిసింది ఒక్కటే. కాగితంలో ఉన్న మనిషి, తన ముఠాలో ఉన్న మనిషి ఒకడు కాదని. ఆయన దగ్గర హాజరు పుస్తకం ఉంది. ఎవరు ఏ రోజు దిగారు, పూట చేశారా, రోజంతా చేశారా అన్నది కూలి పంపకం కోసం రాసుకునే పుస్తకం. తీసి చూశాడు. నాట్ల నెలలో ముఠా దిగిన రోజుల్లో సగం కూడా మిత్రుడి పేరుకు ఎదురుగా గుర్తు లేదు. ఉన్నవాటిలో చాలావాటికి పూట గుర్తే. ఆ పూట కూలి కూడా పక్క సాలువాళ్లు అతని సాలు అందుకుని నాటితే వచ్చిందే. రైతు చూసేది మొత్తం చేను గనక ఎవరికీ తెలియలేదు. ముఠా అతన్ని ఇన్నేళ్లు మోసింది. మోసినందువల్లే, పని చేస్తున్నాడని సర్కారు రాసింది!

రెండోసారి మేస్త్రీ కూడా వెళ్లాడు. భార్యకు ముందే చెప్పాడు: "అమ్మాయ్, తెల్లచొక్కా వద్దు. రోజూ ఎట్లా ఉంటాడో అట్లాగే రానీ." ఆసుపత్రి చీటీలన్నీ తేదీల వరసన పెట్టి దారంతో కుట్టారు. హాజరు పుస్తకం సంచిలో పెట్టుకున్నారు. గదిలో ఈసారి కూర్చున్న డాక్టరు ఓపికగలవారు. దగ్గరున్నవాళ్లు చెప్పేది వినాలన్నది ఆ పద్ధతిలోనే ఉందని వారికి తెలుసు. భార్యను అడిగారు. రాత్రిపూట తలుపు తీసుకుని పోతాడని, పిల్ల పెళ్లిచూపులకు ఇంటికొచ్చినవాళ్లను చూసి పెరట్లో దాక్కున్నాడని, ఒంటిమీద నీళ్లు పోసుకోమని రోజూ బతిమాలాలని ఆమె చెప్పింది. మేస్త్రీ పుస్తకం చూపించాడు. డాక్టరు పేజీలు తిప్పారు. 40 దాటింది. సర్టిఫికెట్ తాత్కాలికమే. గడువు తీరాక మళ్లీ పోవాలి.

బస్సులో తిరిగొస్తూ మిత్రుడు ఒక్క మాటా మాట్లాడలేదు. "నన్ను పిచ్చోణ్ణని రాయించావు గదరా" అని దిగేటప్పుడు మేస్త్రీతో అన్నాడు. నెల రోజులు ఎదురుపడలేదు. ఆ కాగితాన్ని ఎవరికీ కనపడనీయవద్దని భార్యతో ఒట్టు వేయించుకున్నాడు. మేస్త్రీ పట్టించుకోనట్టే ఉన్నాడుగాని, ఆ మాట ఆయన్ని బాగానే కోసింది. ఈ పనికి పూనుకునే మిత్రులెవరైనా ఇది ముందే తెలుసుకుని పూనుకోవాలి. కృతజ్ఞత కోసం చేసే పని కాదిది. గదిలోకి పోయేముందే అతనితో మాట్లాడాలి. నువ్వు చేతకానివాడివని చెప్పడానికి కాదు, జబ్బు నీ దగ్గర్నుంచి ఏమేం లాక్కుందో లెక్క చెప్పడానికి పోతున్నామని. ఒప్పుకోకపోతే ఆగాలి. బలవంతాన లాక్కుపోతే కాగితం దక్కవచ్చు, మనిషి దక్కడు.

ఊళ్లో కొందరు ఇంకో సలహా ఇస్తారు. "క్యాంపుకి పదిరోజుల ముందు మాత్రలు ఆపెయ్యండి. అప్పుడు చూసి నూటికి నూరు వేస్తారు." ఇది ప్రాణం మీదికి తెచ్చే సలహా. మాత్రలు ఆపితే జబ్బు తిరగబెడుతుంది. తిరగబెట్టిన జబ్బు మళ్లీ ఎప్పటికి అదుపులోకి వస్తుందో చెప్పలేం. దాని అవసరమూ లేదు. కొలిచేది మందులు వాడుతూ కూడా మిగిలిన ఇబ్బందినే. పైగా విడవకుండా మందులు తీసుకున్న చీటీలే మన పక్షాన సాక్ష్యం.

ఇక డబ్బు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో 3,000 నుంచి 6,000 అయింది. తెలంగాణలో ఆసరా కింద 2023 జూలైలో 3,016 నుంచి 4,016 చేశారు. ఆ ఏడాది చివరి ఎన్నికల్లో 6,000 ఇస్తామని కాంగ్రెస్ హామీ ఇచ్చింది. మరి కేంద్రం ఇచ్చేదెంత? వికలాంగుల పింఛను పథకం కింద నెలకు 300 రూపాయలు. 2012లో 200 నుంచి 300 చేశారు, ఆ తర్వాత కదల్లేదు. అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉండి 80 శాతం వైకల్యం ఉన్నవారికే. ఢిల్లీ పెద్దలు 2015 చివరినుంచి వికలాంగులను "దివ్యాంగులు" అనడం మొదలుపెట్టారు. పేరులో దివ్యత్వం వచ్చిందిగాని 300 మాత్రం 300గానే ఉంది.

ఇచ్చింది నిలబెట్టుకోవడమూ ఇంకొక పోరాటమే. 2025 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛన్లను మళ్లీ వైద్య పరీక్షలు చేసి తనిఖీ చేశారు. ఆగస్టులో, 40 శాతం లోపు వచ్చిందంటూ పెద్దఎత్తున నోటీసులు వచ్చాయి. ఊరూరా ఆందోళన జరిగాక అప్పీలు చేసుకోవచ్చని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. దొంగ సర్టిఫికెట్లు లేవని మనం అనడం లేదు. దళారులున్నారు, డబ్బులు చేతులు మారాయి. కాని దొంగను పట్టే వలలో మొదట పడేది ఎవరు? విరిగిన కాలు తనిఖీనాడు కూడా విరిగే ఉంటుంది. మనసు జబ్బు మందుల బలంతో ఆ ఒక్క పూట నిమ్మళంగా ఉండవచ్చు. ఆ పూట చూసి మిగిలిన నెలంతా రద్దు చేస్తే అది తనిఖీ అనిపించుకోదు.

నోటీసు వచ్చినా, శాతం తగ్గించి రాసినా, దాంతో అయిపోలేదు. సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయంపై అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టంలోనే ఉంది. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. నోటిమాట మీద వెనక్కి రాకూడదు. వకీలు కావలసి వస్తే 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద వికలాంగులకు, స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా ఇవ్వాలి. కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయ సేవా సంఘంలో తెల్లకాగితం మీద అర్జీ రాసి ఇస్తే చాలు. రోగిని గొలుసుతో కట్టెయ్యడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషేధం. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో పాకకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టిన రోగులు పాతికమందికి పైగా కదల్లేక కాలిపోయారు. మన ఊళ్లలో దొడ్లోని గుంజకి కట్టిన మనుషులు ఇంకా లేరని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలమా? సలహా కావాలంటే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. అది 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవ, ఖర్చు లేదు.

ఆ ఊళ్లో పింఛను మొదలైంది. మొదటి నెల డబ్బులో కొంత పాత వడ్డీకి పోయింది. కొంతతో భార్య అతనికి రెండు లుంగీలూ ఒక దుప్పటీ కొన్నది. మేస్త్రీ హాజరు పుస్తకంలో అతని పేరు ఇంకా ఉంది, వచ్చిన రోజు వస్తాడు. సర్టిఫికెట్ గడువు తీరే తేదీని మేస్త్రీ అట్ట లోపలివైపు ఎర్రసిరాతో రాసుకున్నాడు. దానికి మూడు నెలల ముందే స్లాటు అడగాలని, అప్పటిదాకా ఒక్క చీటీ కూడా పారెయ్యొద్దని ఆమెకు చెప్పి ఉంచాడు.