మంచి రూపాయి – సత్తు రూపాయి

విరామకాలమందు విద్యార్థులు చేయదగిన వేడుకలలో నాణెములను కూర్చుట మిగుల మేలైనది. అందు చరిత్రము, భూగోళము, లోహశాస్త్రము, గణితము నాలుగును కలసియున్నవి. మన సీమలో ఈ వేడుకకు సాధనములు కొదువలేదు. బారువ మొదలగు తీరపు గ్రామములనుండి పూర్వము బ్రదుకుతెరువునకై రంగూనునకు పోయినవారు తెచ్చిన వెండి రూపాయలు, ముత్తవ్వలు మెడను ధరించిన రూపాయల దండలు, ధాన్యపు గాదెల అడుగున దాచిన అణాలు, కానులు ఉద్దానపు ఇండ్లలో నేటికిని అక్కడక్కడ కానవచ్చుచున్నవి. అయితే మంచి నాణెముతోపాటు నకిలీ నాణెమును పుట్టినది. వీనిని వేరుపరచు విధమును మా పాఠశాల బాలబాలికలకును వారి తలిదండ్రులకును తెలియజేయుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట నొక మాట. నాణెమును పరీక్షించువాడు రెండు విధములుగా పొరబడవచ్చును. చెడ్డదానిని మంచిదని నమ్ముట ఒకటి. మంచిదానిని చెడ్డదని త్రోసివేయుట రెండవది. మొదటిదానికి అందరును భయపడుదురు. రెండవదానిని తలచువారు తక్కువ. ఉద్దానపు పల్లెలలో మూత్రపిండముల వ్యాధి సోకిన ఇండ్లకు వైద్యపు వ్యయమెంత భారమో చదువరులెరుగుదురు. అట్టి దినమున పెట్టె అడుగునుండి బయటికి వచ్చునవి ఈ పాత రూపాయలే. కొనువాడొకడు వానిని చేతబట్టి, “ఇవి సత్తువి” యని పెదవి విరిచి సగము వెలకు కొనిపోయినయెడల, ఆ యింటివారు నకిలీ నాణెము లేకుండగనే మోసపోయినవారగుదురు. కావున పరీక్ష యెరిగియుండుట వేడుక మాత్రమే గాదు, ఇంటికి రక్షణము గూడ.

ప్రతి పరీక్షకును ఒక కొలత ఆధారమై యుండవలెను. ఈస్టిండియా కంపెనీవారు 1835 సంవత్సరములో తమ రాజ్యమంతటికిని ఒకే రూపాయిని ఏర్పరచిరి. దాని తూకము 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము. నేటి లెక్కను 11.66 గ్రాములు. అందు పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు వెండి, తక్కినది రాగి. దాని అడ్డుకొలత రమారమి 30.5 మిల్లీమీటరులు. మందులను, పసిడిని “రూపాయెత్తు” అని తూచు వాడుక మన పెద్దలకు దీనివలననే కలిగినది. రూపాయియే తూనికరాయియై యుండెను. చాలకాలము చేతులు మారిన రూపాయి అరిగి కొంచెము తగ్గవచ్చును గాని, పెరుగుటకు కారణము లేదు. అయితే దండలో గ్రుచ్చుటకై కంసాలి కొంకి అతికించిన రూపాయి తూకము హెచ్చును. కొంకి ఊడదీసిన చోట అతుకు మిగిలియుండును. అది దోషముగాని దొంగతనము గాదు.

తూకము తరువాత కంటికి పని. టంకసాలలో నాణెమును ఉక్కు అచ్చుల నడుమ మిక్కిలి బలముగా నొక్కి ముద్ర వేయుదురు. అందుచేత అక్షరముల అంచులు నిక్కచ్చిగా నిలుచును; ఖాళీ తావు నున్నగా నుండును. దొంగనాణెములు చేయువాడు తరచుగా మంచి నాణెమును మట్టిలోనో సున్నపు ముద్దలోనో ఒత్తి, ఆ మూసలో లోహమును కరగి పోయును. పోతపోసినదానిపై సూదిమొన వంటి సన్నని గుంటలును, మొద్దుబారిన అక్షరములును, అంచు చుట్టును మూస రెండు సగములు కలసిన గీటును భూతద్దములో కానవచ్చును. అంచునందలి గీట్లను తప్పక చూడవలెను. వెండిని చుట్టును గొరిగి దొంగిలించువారిని అడ్డుటకే ఈ గీట్లు ఏర్పడినవి. ఇంగ్లాండులో 1696లో టంకసాల కధికారియైన ఐజాక్ న్యూటను నాణెపు దొంగలను వెదకి పట్టించుటలో అంతులేని శ్రమపడెనని చరిత్రము చెప్పుచున్నది. గురుత్వాకర్షణమును కనుగొన్న బుద్ధికి ఈ పని చిన్నదిగా తోచలేదు.

మూడవది చెవి పరీక్ష. నాణెమును వ్రేలికొనపై నిలిపి మరియొక నాణెముతో మెల్లగా తట్టినచో వెండి ఖంగున మ్రోగి, ఆ ధ్వని కొంతసేపు నిలుచును; సీసము కలిసినది బద్దగా పలుకును. కాని అతుకుపడినదియు, సన్నని బీట తీసినదియు మంచి వెండియైనను బద్దగానే పలుకును. నాల్గవది అయస్కాంతము. వెండి దానికి అంటదు. అంటినది వెండి రూపాయి గాదు. అయినను 1947 సంవత్సరపు రూపాయి అంటును. అది శుద్ధమైన నికెలుతో చేయబడినది. అంటుటయే దానికి సాక్ష్యము. కాబట్టి ఏ నాణెమునకు ఏ గుణము తగునో ముందుగా నెరిగి, పిమ్మట పరీక్షింపవలెను.

ఐదవది నీటి పరీక్ష. పూర్వము సిరక్యూసు రాజు కిరీటములో వెండి కలిసినదో లేదో ఆర్కిమిడీసు ఈ మార్గముననే తేల్చెనని ప్రతీతి. గ్రాములో నూరవపాలు చూపగల చిన్న జేబుత్రాసు ఇప్పుడు తక్కువ వెలకే దొరకుచున్నది. దానిపై నీటిగ్లాసు నుంచి అంకెను సున్న చేయవలెను. నాణెమును సన్నని దారముతో కట్టి, అడుగునుగాని ప్రక్కలనుగాని తాకకుండ నీట మునుగునట్లు వ్రేలాడదీయవలెను. అప్పుడు త్రాసు చూపు అంకె నాణెము తొలగించిన నీటి బరువు. నాణెపు బరువును దీనిచే భాగించినచో సాంద్రత వచ్చును. పాత వెండి రూపాయికి 11.66ను భాగించు అంకె 1.13 ప్రాంతముననుండును, సాంద్రత పదింటికి కొంచెము హెచ్చు. అదే తూకముగల జర్మన్ సిల్వరు బిళ్ళ రమారమి 1.35 చూపును, అంతయు సీసమైనచో 1.03 చూపును. ఈ పరీక్షలో నాణెమునకు గీతయైనను పడదు. గీటురాయిపై రాయుట, ఆకురాయి పెట్టుట, ఆమ్లము పోయుట సేకరించువారికి తగని పనులు.

ఆరవది చదువుకొన్నవారికి ప్రత్యేకమైన పరీక్ష. నాణెముపై వ్రాతను చరిత్రముతో పోల్చవలెను. 1840 సంవత్సరపు అంకెతో వెలువడిన రూపాయలపై విక్టోరియాను రాణియని వ్రాసిరి. 1862లో క్రొత్త ముద్ర వచ్చెను. ఆ 1862 అంకెనే 1874 వరకు మార్చక రూపాయలపై వేయుచుండిరి. ఆమెకు చక్రవర్తిని బిరుదము నాణెములపైకి వచ్చినది 1877లో. కావున “ఎంప్రెస్” అను బిరుదమును 1862 అను అంకెయు ఒక్క రూపాయిపై కలసియున్నయెడల, తూకమెట్లున్నను అది నకిలీయే. అయిదవ జార్జి 1911 సంవత్సరపు రూపాయిపై రాజు వస్త్రమునందలి ఏనుగు బొమ్మ పందివలె కనబడుచున్నదని జనులు నొచ్చుకొనగా 1912లో దానిని దిద్దిరి. ఇట్టి కథలు జ్ఞాపకముంచుకొనుట వినోదమే గాదు, ఆయుధము గూడ.

ఆరవ జార్జి కాలమున 1939 సంవత్సరపు రూపాయి మిక్కిలి అరుదు; అందుచే దాని వెల హెచ్చు. అందుకొరకే 1938 రూపాయిలోని చివరి అంకెను చెక్కి తొమ్మిదిగా మార్చువారు కలరు. అట్టి దానికి తూకము, మ్రోత, నీటి పరీక్ష అన్నియు సరిగానే యుండును, ఏలయన వెండి నిజమైనదే. భూతద్దము క్రింద ఆ యొక్క అంకెచుట్టును గల గీరుడు మాత్రమే దొంగను పట్టియిచ్చును. 1940లో రూపాయియందు వెండిని సగమునకు తగ్గించిరి. నకిలీలు పెరుగుననియెంచి అంచు నడుమ చుట్టును ఒక గాడిని చేర్చిరి. ఇవి నీట రమారమి 1.22 చూపును. వీనిని పాత రూపాయి కొలతతో తూచి దొంగవని చెప్పరాదు.

జాతరలలోను సంతలలోను మరియొక వస్తువు కానవచ్చును. ఒకప్రక్క శ్రీరామ పట్టాభిషేకము, ఆంజనేయుడు మొదలగు బొమ్మలును, మరియొక ప్రక్క ఈస్టిండియా కంపెనీ పేరును, 1616, 1717, 1818 అను అంకెలును గల రాగిబిళ్ళలివి. కంపెనీవారు అట్టి నాణెములను ఎన్నడును ముద్రింపలేదు. పూజకై చేయు రామటెంకి వేరు. అది నాణెమని చెప్పుకొనదు. ఇట్టి బిళ్ళలే బియ్యపు గింజలను ఆకర్షించునని నమ్మించి లక్షలు గుంజు వంచకులును కలరు. రాగికి అట్టి శక్తి లేదని మన ప్రయోగశాలలో ఒక నిమిషమున చూడవచ్చును.

మన సీమ చరిత్రము రూపాయితో మొదలుకాలేదు. ముఖలింగము రాజధానిగా ఏలిన గాంగరాజుల బంగారు పణములు రమారమి అరగ్రాము తూగునవి. ఒకప్రక్క కూర్చున్న నందియు, మరియొక ప్రక్క పాలనా సంవత్సరపు అంకెయు నుండును. పూరీ, గంజాము ప్రాంతములలో దొరకిన ప్రాచీనపు రాగి నాణెములు కుషాను నాణెములను పోలి పోతపోయబడినవి. అక్కడ పోత గుర్తు నకిలీతనమునకు సాక్ష్యము కానేరదు. ఇట్టి వానిని పండితులకు చూపవలెను. భూమిలో దొరకిన నిధిని కలెక్టరుకు తెలుపవలెనని 1878 సంవత్సరపు చట్టము శాసించుచున్నది. విద్యార్థులు దీనిని మరువరాదు.

ఇక నేటి నాణెముల మాట. రూపాయి గుర్తు లేనివి, పదునైదు గీతలున్నవి దొంగవను వదంతి వ్యాపించి, పదిరూపాయల నాణెములను అంగళ్లలోను బస్సులలోను పుచ్చుకొనకపోవుట మన రాష్ట్రమందును జరిగినది. రిజర్వు బ్యాంకువారు 2018 జనవరి 17న ప్రకటన చేసి, అప్పటికి వెలువడిన 14 విధముల పదిరూపాయల నాణెములును చెల్లునని స్పష్టపరచిరి. మా సీమలో జీడిపిక్కలు కొట్టు కూలికి వచ్చిన నాణెము ఉప్పునకు చెల్లనియెడల నష్టపోవునది ఆ కూలివారే. వదంతిని వినుటకు ముందు నాణెమును చూడుడు. హైదరాబాదు టంకసాల గుర్తు నక్షత్రము, ముంబయిది వజ్రపాకారము, నోయిడాది చుక్క. కోలకతకు గుర్తు లేదు. గుర్తు లేకుండుటయు నేరము గాదని దీనివలన తెలియును.

కొన్ని హెచ్చరికలు. పాత నాణెమును చింతపండుతోను బూడిదతోను తోమరాదు. ఏండ్ల తరబడి పట్టిన నల్లదనమే దాని వయస్సునకు సాక్ష్యము, అది పోయిన వెల తగ్గును. పాత నాణెములకు లక్షలిత్తుమని చెప్పి ముందుగా రుసుము అడుగువారిని నమ్మరాదు. తన పేరుతో ఇట్టి మోసములు జరుగుచున్నవని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టు 4న హెచ్చరించినది. నేటి నాణెము నకిలీయని నిశ్చయమైనచో దానిని మరియొకరి చేతిలో పెట్టరాదు. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో నకిలీ నాణెములు చేయుట మాత్రమే గాక, తెలిసి చెలామణి చేయుటయు నేరము.

విద్యార్థులారా! తూకము, కన్ను, చెవి, అయస్కాంతము, నీరు, చరిత్రము అను ఈ యారుగురు సాక్షులను విచారింపక తీర్పు చెప్పకుడు. ఒక్కరి మాటపై మంచి రూపాయికి చెడ్డపేరు పెట్టకుడు. అందరును కాదన్న సత్తును ఆశచే మంచిదని చెప్పకుడు. రాబోవు సెలవులలో మీ యింటి పెట్టెలోని రూపాయలను పెద్దల యనుమతితో తూచి, ఒక్కొక్కదాని సంవత్సరమును, తూకమును, నీటి అంకెను కాగితముపై వ్రాసి ఇంట భద్రముగా నుంచుడు. అమ్ముకొనవలసిన అవసరము వచ్చినప్పుడు ఆ కాగితము మీ యమ్మకు అండగా నిలుచును.