సీమ ఎండలో సీసపు బ్యాటరీ

మే నెల మిట్టమధ్యాహ్నం, ప్రొద్దుటూరు బజారులో ఎండకు నిలబెట్టిన ఒక పాత బుల్లెట్. తాళం తిప్పితే హెడ్‌లైటు పైనున్న చిన్న ఆమ్మీటరు ముల్లు కదలీ కదలనట్టుంది. హారన్ నొక్కితే మూలిగింది. మెకానిక్ పక్కడబ్బా తెరిచి బ్యాటరీని వెలుతురుకు పట్టి చూపించాడు. ఆరు గదుల్లో రెండింటిలో నీళ్లు కింది గీతను దాటి పోయాయి. గాలికి తేలిన ప్లేట్ల అంచులు తెల్లగా పొట్టు కట్టాయి.

జమ్మలమడుగు నాపరాయి గనుల దారిలో, పులివెందుల చీనీ తోటల దారిలో తిరిగే పాత బండ్లకు ఈ జబ్బు కొత్త కాదు. ఈ ప్రాంతంలో చాలా బ్యాటరీలు వయసైపోక ముందే దాహంతోనో, కదలక మెదలక పడి ఉండటంతోనో చచ్చిపోతాయి. ఈ రెండూ మన చేతిలో ఉన్నవే.

సీసపు బ్యాటరీ వయసు 160 ఏళ్లు దాటింది. 1859లో ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ పెట్టి చాపలా చుట్టి, గంధకామ్లంలో ముంచాడు. ఖర్చయిన కరెంటును మళ్లీ నింపుకోగల మొదటి బ్యాటరీ అదే. 1881లో కామిల్ ఫోర్ రేకులకు సీసపు ముద్ద పూసి దాని సత్తువ పెంచాడు. మన వైపు చూస్తే, 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గర కరకంబాడిలో బ్యాటరీల తయారీకి పేరు పొందింది. 2000లో అమరాన్ పేరుతో వాహనాల బ్యాటరీలు తెచ్చింది. ఇంత కాలం గడిచినా లోపలి రసాయనం మాత్రం ప్లాంటే నాటిదే.

ఒక్కో గదిలో సుమారు 2 వోల్టులు పుడతాయి. మూడు గదులైతే 6, ఆరైతే 12. కరెంటు వాడుకుంటున్నప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. ఛార్జి చేస్తే అది కరిగి తిరిగి సీసంగా, సీసపు ఆక్సైడుగా, ఆమ్లంగా మారుతుంది. వారాల తరబడి ఛార్జి లేకుండా వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి పలుకులు కట్టి ఇక కరగదు. ఆమ్లంలోని నీళ్లేమో ఛార్జి ఎక్కువైనప్పుడు వాయువులుగా విడిపోయి ఎగిరిపోతాయి. ఎండ దీన్ని మరింత పెంచుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందన్నది ఈ రంగంలో వాడే మోటు లెక్క. వేసవిలో 40 డిగ్రీలు దాటే కడప జిల్లాలో ఇంజను సెగ కూడా తోడైతే చెప్పేదేముంది?

కొత్తది కొనేటప్పుడు మొదట చూడాల్సింది వోల్టులు. పాత జావాలకు 6 వోల్టులు, యమహా ఆర్‌ఎక్స్ 100కు 12. తరువాత ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే ఆంపియర్ అవర్లు. సెల్ఫ్ స్టార్ట్ ఉన్న బుల్లెట్ 350కి పెద్ద బ్యాటరీ కావాలి. కిక్కుతో నడిచే చిన్న బండ్లకు చాలా తక్కువ చాలు. బండి పుస్తకంలో ఎంత ఉందో అంతే వేయాలి.

బ్యాటరీ అవసరం కూడా అన్ని బండ్లకూ ఒకటి కాదు. ఆర్‌ఎక్స్ 100 మాగ్నెటో కరెంటుతో నిప్పురవ్వ పుట్టిస్తుంది కనుక బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే కదులుతుంది. పాయింట్లున్న పాత బుల్లెట్‌కు నిప్పురవ్వ కూడా బ్యాటరీ నుంచే రావాలి. అలాంటి బండి ఉన్నవాళ్లు బ్యాటరీ దగ్గర పొదుపు చేయకూడదు.

నీళ్లు పోసే రకమా, సీలు వేసిన రకమా అన్నది తరువాతి ప్రశ్న. సీలు రకానికి నీళ్ల బెడద లేదు, ఆమ్లం కారదు, గతుకుల దారుల కుదుపును బాగా తట్టుకుంటుంది. కానీ ఛార్జి మితిమీరితే పోయిన నీళ్లు మళ్లీ పోయలేం. అందుకే బిగించగానే ఇంజను కాస్త రైజు చేసి, మల్టీమీటరుతో టెర్మినళ్ల దగ్గర కొలవాలి. 12 వోల్టుల బండిలో 14 నుంచి 14.5 దాకా చూపితే మంచిది. 15 దాటితే వెంటనే రెగ్యులేటరు మార్చాలి. లేకపోతే కొత్త బ్యాటరీ కూడా పాతదాని దారే పడుతుంది. పెట్టె మీద తయారీ నెల చూడటం మరవొద్దు.

నీళ్ల రకం వాడేవారు వేసవిలో 15 రోజులకొకసారి గీతలు చూసుకోవాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. ఆమ్లం మొదటిసారి నింపేటప్పుడే, మళ్లీ ఎప్పుడూ పోయకూడదు. బ్యాటరీ గాలి గొట్టం నొక్కుకుపోకుండా, చివర చైనుకు దూరంగా ఉండాలి. నెలల తరబడి బండి తీయకపోతే నెలకొకసారి నిదానంగా ఛార్జి పెట్టాలి. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అర ఆంపియర్ చాలు. బాగా నిండి, కాసేపు ఊరికే ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 వోల్టులకు తగ్గదు.

విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీగ, బిగించేటప్పుడు చివర నెగటివ్ తీగ. లేదంటే స్పానరు ఛాసీకి తగిలి నిప్పులు రేగుతాయి. ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు.

పాత బ్యాటరీని పెంటకుప్పలో వేయొద్దు, ఇంట్లో పగలగొట్టొద్దు. సీసం పిల్లల మెదడుకు విషం. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు దాన్ని తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. కొత్తది కొన్న చోటే పాతది ఇచ్చేయండి. ఆ సీసమే కరిగి, మరో బండికి బ్యాటరీ అవుతుంది.