అతుకుల బొంత

పరీక్ష పేపర్లు దిద్దిన డబ్బు చేతికి వచ్చిన సంగతి ఏ లెక్చరరూ ఇంట్లో దాచలేడు. దాచాలని నేనూ కొన్నేళ్ళు ప్రయత్నించాను. మొహం చూసి కనిపెట్టేస్తారు. 2024 వేసవిలో అల్లా వచ్చినవి 12,000 రూపాయలు. వాటికి మా ఇంట్లో ముగ్గురు హక్కుదారులు తేలారు. మా శ్రీమతికి మిక్సీ కావాలి. నాకు ఆబిడ్స్‌లో ఆదివారం పూట కాలిబాట మీద అమ్మే పాత పుస్తకాలలో ఒక నిఘంటువు సంపుటం మీద చాలాకాలంగా కన్నుంది. ఇంజనీరింగు మొదటి సంవత్సరం పూర్తిచేసిన మావాడికి కంప్యూటరు కావాలి.

కంప్యూటరు లేక కాదు. 2019లో కొన్నది ఒకటుంది. అది ఆటలు ఆడనివ్వడం లేదట.

"ఆటలకోసం కొత్త కంప్యూటరా? ఎంతవుతుందిరా?" అన్నాను.

"60,000 అవుతుంది నాన్నగారూ. కాని నాకు కొత్తది వద్దు. ఉన్నదాన్నే బాగుచేసుకుంటాను. మీరు 12,000 ఇప్పించండి. మిగిలింది పాత భాగాలు అమ్మి నేను తెచ్చుకుంటాను" అన్నాడు.

60,000 దగ్గర ఆగిపోయిన నా గుండె, 12,000 అనేసరికి మళ్ళీ కొట్టుకుంది. ఈ మాటకారితనం వాడికి వాళ్ళమ్మ వైపునుంచి వచ్చి ఉండాలి. మిక్సీ దసరాకి వాయిదా పడింది.

"అయితే ముందు ఏం కొంటావు?" అన్నాను.

"ముందు కొనడం కాదు, కొలవడం" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆట నడుస్తూండగా టాస్క్ మేనేజర్ అనేది తెరిస్తే, లోపల ఎవరెంత కష్టపడుతున్నారో శాతాలలో కనిపిస్తుంది. వాలరెంట్ అనే ఆట పెడితే ప్రోసెసరు నూటికి నూరుపాళ్ళూ చెమటోడుస్తోంది. బొమ్మలు గీయవలసిన గ్రాఫిక్స్ కార్డు మాత్రం సగం పనితో కులాసాగా ఉంది. పై నుంచి లెక్కలు అందితేగదా అది గీసేది! ఇల్లాంటప్పుడు కార్డు ఎంత ఖరీదైనది కొన్నా డబ్బు దండగ. అందరూ చేసే పొరపాటు ఇదేనన్నాడు.

నాకు తెలిసిన భాషలో నేను అర్థం చేసుకున్నాను. ఉత్పలమాలలో భ, ర, న, భ, భ, ర, వ అని ఏడు గణాలుంటాయి. ఆరు లక్షణంగా పడి ఒక్కటి తప్పినా పాదం కుంటుతుంది. మిగిలిన ఆరింటికీ ఎంత నగిషీ చెక్కినా లాభం లేదు. తప్పిన గణమేదో పట్టుకుని దాన్నే సవరించాలి.

మావాడి యంత్రంలో తప్పిన గణాలు నాలుగు తేలాయి. ప్రోసెసరు రైజెన్ 3 2200జీ. దానిలో నాలుగు కోర్లు, అంటే నలుగురు గుమాస్తాలనుకోండి. మెమొరీ 8 జీబీ, అదీ ఒకే పలక. మెమొరీ పలకలు రెండు జంటగా పెడితే, దత్తాంశం నడిచే దారి రెండింతలు వెడల్పవుతుందట. మూడోది హార్డు డిస్కు. లోపల పళ్ళెం తిరగాలి, ముల్లు సరైన చోటికి పోవాలి. అంతదాకా అందరూ చేతులు కట్టుకుని ఎదురుచూడాలి. వాడు మోజుపడ్డ సైబర్‌పంక్ 2077 అనే ఆటకైతే, 2023లోనే దాన్ని తయారుచేసినవారు హార్డు డిస్కు పనికిరాదు, ఎస్ఎస్‌డీ ఉండవలసిందే, మెమొరీ కనీసం 12 జీబీ కావాలి అని చెప్పేశారు. నాలుగోది జీటీఎక్స్ 1050 టీఐ అనే కార్డు. ఆ ఆటకు అదీ చాలదు.

మదర్‌బోర్డు మాత్రం మార్చనక్కరలేదు. ఏఎండీ వారు 2016లో తెచ్చిన ఏఎం4 అనే సాకెట్టును చాలా ఏళ్ళపాటు అల్లాగే ఉంచారు. అంచేత పాత బోర్డులోనే తర్వాతి తరం ప్రోసెసరు కూర్చుంటుంది. మా అమ్మ ఇత్తడి బిందెల మూతల్లాగన్నమాట.

మావాడు వేసిన పద్దు ఇది. కొత్త 8 జీబీ మెమొరీ పలక 1,600. కొత్త 500 జీబీ ఎస్ఎస్‌డీ 3,200. వాడిన రైజెన్ 5 3600 ప్రోసెసరు 5,000. దీనిలో గుమాస్తాలు ఆరుగురు, ఒక్కొక్కడూ రెండేసి ఫైళ్ళు చూడగలడు. ప్రోసెసరుకూ దాని ఫానుకూ మధ్య రాసే పేస్టు 200. వాడిన 1660 సూపర్ కార్డు 9,000. వెరసి 19,000. నేనిచ్చే 12,000 పోగా, పాత ప్రోసెసరు అమ్మితే 2,500, పాత కార్డు అమ్మితే 4,500. లెక్క సరిపోయింది. ఒక్క రూపాయి మిగలదు, తరగదు.

"ఆర్ఎక్స్ 580 అనే కార్డు 6,000కే వస్తుందటగా? నేనూ వాకబు చేశాను" అన్నాను దర్పంగా.

"అది 185 వాట్లు తాగుతుంది నాన్నగారూ. ఇది 125. మన పవర్ సప్లై 450 వాట్లది. దానితో ఇదైతే నిశ్చింతగా నడుస్తుంది. అది కొంటే పవర్ సప్లై కూడా మార్చవలసి రావచ్చు" అన్నాడు. నేను దర్పం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మెమొరీ, ఎస్ఎస్‌డీ సికిందరాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి కొన్నాం. ప్రోసెసరు కూకట్‌పల్లిలో ఒకరి దగ్గర దొరికింది. ఇంటికి రాగానే పాత ప్రోసెసరు ఊడదీయబోయి, మావాడు నాలుక్కరుచుకున్నాడు. మా బోర్డు కొన్ననాటికి ఈ కొత్త ప్రోసెసరు ఇంకా పుట్టలేదు. దాని పేరు బోర్డుకు తెలియదు. బయాస్ అనే దానిని కొత్తది ఎక్కించి, ఆ పేరు నేర్పాలి. ఆ నేర్పడం పాత ప్రోసెసరు ఉండగానే జరగాలి. తొందరపడి ముందే అమ్మేసి ఉంటే, రెండూ ఉండీ ఏదీ లేనట్టయ్యేది.

అంతకన్నా భయం మరొకటి. ఎక్కిస్తున్న ఆ కాసిని నిముషాలలో కరెంటు పోతే, బోర్డు మళ్ళీ లేవకపోవచ్చు. అది మే నెల. సాయంకాలం అయ్యేసరికి ఈదురుగాలి, వెంటనే కరెంటు కోత. పక్కవాటాలోని బ్యాంకు ఉద్యోగిగారి యూపీఎస్ అడిగి తెచ్చాం. తెర మీద ఒక గీత నెమ్మదిగా నిండుతోంది. సగం నిండేసరికి ట్యూబులైటు టపటపమని కొట్టుకుంది. ఫాను ఆగిపోయింది. మా శ్రీమతి వంటింట్లోంచి "ఏమండీ!" అని కేకేసింది. యూపీఎస్ కీచుమంటూండగా ఆ గీత మాత్రం నిండుతూనే ఉంది. పూర్తయిందన్న అక్షరాలు కనబడ్డాక, పరీక్ష హాల్లో చివరి గంట కొట్టినంత హాయి కలిగింది.

పాత ప్రోసెసరు మర్నాడే అనుకున్న ధరకు పోయింది. ఇక కార్డు. మా వీధి చివర టైలరుగారి అబ్బాయి ఇంటరు చదువుతున్నాడు. తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. మావాడు కంప్యూటరు పెట్టి ఆట చూపించాడు. బొమ్మ చక్కగా కదులుతోంది. టైలరుగారు చొక్కా జేబులోంచి మడతలు పెట్టిన నోట్లు తీసి లెక్కపెట్టసాగారు.

ఆ కార్డు ఫానులో ఒక లోపముంది. పది నిముషాలు నడిచాకగాని చప్పుడు రాదు. అప్పటికి ఆరేడు నిముషాలే అయింది. ఆ సంగతి నాకూ తెలుసు. నేను, పాతికేళ్ళుగా క్లాసులో హరిశ్చంద్రుణ్ణి గురించి కంఠం ఎత్తి చెప్పే మనిషిని, మావాడికేసి చూసి చిన్నగా దగ్గాను. ఊరుకోరా అని దాని భావం.

వాడు నావైపు చూడనే లేదు. "ఇంకాసేపు ఆగండి. వేడెక్కాక ఫాను చప్పుడు చేస్తుంది. ఆటకు అడ్డం లేదుగాని, ఫాను మార్చుకోవలసి రావచ్చు" అన్నాడు. చప్పుడు వినిపించింది. టైలరుగారు లెక్కపెట్టడం ఆపారు. చివరికి బేరం 3,500కు తెగింది.

వాళ్ళు వెళ్ళాక, "వెయ్యి పోయిందిగదరా!" అన్నాను.

"ఆ కుర్రాడు కూడా నాలాగే లెక్క వేసుకునే వచ్చుంటాడు నాన్నగారూ" అన్నాడు.

నేను మరి మాట్లాడలేదు. నిఘంటువు కోసం విడిగా దాచుకున్న వెయ్యి తెచ్చి వాడి చేతిలో పెట్టాను. అది ఔదార్యం కాదు. ఆ దగ్గుకు నేను కట్టుకున్న జరిమానా.

9,000 పట్టుకుని ఇద్దరం కార్డు కొనడానికి వెళ్ళాం. 2022 సెప్టెంబరుదాకా ఇల్లాంటి కార్డులను ఇథీరియం అనే నాణెం సంపాదించడానికి రాత్రింబగళ్ళు నడిపేవారట. ఆ పద్ధతి ఆగిపోగానే అలిసిపోయిన కార్డులెన్నో సంతకు వచ్చాయి. అంచేత మావాడు బిల్లు చూశాడు, అరగంటసేపు బరువైన పరీక్ష పెట్టి వేడి ఎంతకు చేరుతోందో చూశాడు, ఫాన్ల దగ్గర చెవి పెట్టి విన్నాడు. అమ్మే ఆయన తనంతట తాను ఒక మాట చెప్పాడు: "ఒక పోర్టు కాస్త వదులుగా ఉంది, రెండోది వాడుకోండి." మావాడు నావైపు చూసి నవ్వాడు.

ఆ యంత్రం ఇప్పటికీ నడుస్తోంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మద్దతు ఆగినప్పుడు పాత ప్రోసెసరే ఉంటే, విండోస్ 11 ఆమోదించిన జాబితాలో అది లేదు గనక చిక్కొచ్చేది. ఆ ఏడాది చివర మెమొరీ ధరలు మండిపోయినప్పుడు, మా శ్రీమతి 1,600 పలకను బంగారం కొన్నంత మెచ్చుకుంది. దసరాకి మిక్సీ వచ్చింది.

టైలరుగారి అబ్బాయి కార్డుకు ఫాను మా ఇంట్లోనే, మావాడి చేతిమీదుగానే మారింది. బదులుగా ఆయన నా చొక్కాకు కాలరు తిరగేసి కుట్టి ఇచ్చారు, డబ్బు పుచ్చుకోలేదు.

తర్వాతి నెల నేను ఆబిడ్స్ వెళ్ళాను. నిఘంటువు ఎవరో పట్టుకుపోయారు.