మీకు తెలుసా? సగమే వినిపించే ఉత్తరాలు

ఇజ్రాయెల్ దేశం ఏర్పడటానికి దాదాపు యాభై ఏళ్ల ముందే ఆ నేల గురించి ఒక అరబ్బు పెద్దమనిషీ, అక్కడ యూదులకు సొంత దేశం కోరిన జియోనిస్టు ఉద్యమ నాయకుడూ ఉత్తరాల్లో వాదించుకున్నారని మీకు తెలుసా?

ఆ పెద్దమనిషి పేరు యూసుఫ్ దియా అల్-ఖాలిదీ. జెరూసలేం మేయరుగా చేశారు, ఒట్టోమన్ పార్లమెంటులో సభ్యుడిగా ఉన్నారు, కుర్దిష్-అరబిక్ నిఘంటువు కూడా తయారుచేశారు. 1899 మార్చి 1న ఫ్రాన్స్ యూదుల ప్రధాన మతగురువు జాడోక్ కాన్‌కు ఆయన ఏడు పేజీల లేఖ రాశారు. ఫ్రెంచిలో రాసిన ఆ లేఖను ఆ ఉద్యమ నాయకుడు థియోడర్ హెర్జల్‌కు చూపించమని కోరారు. అందులో ఏముంది? చారిత్రకంగా చూస్తే పాలస్తీనా మీద యూదుల హక్కును ఎవరు కాదనగలరని ఆయనే అడిగారు. యూరప్‌లో యూదులు పడుతున్న బాధలకు సానుభూతి చూపారు. ఆ వెంటనే, కానీ ఇప్పుడు ఇక్కడ వేరే జనం బతుకుతున్నారు, బలవంతం చేస్తే వాళ్లు ఊరుకోరు, దేవుడి పేరు మీద అడుగుతున్నాను పాలస్తీనాను వదిలేయండి అని వేడుకున్నారు.

మార్చి 19నే హెర్జల్ జవాబు రాశారు. యూదులు వస్తే పెట్టుబడులొస్తాయి, భూముల ధరలు పెరుగుతాయి, అందరూ బాగుపడతారు, అక్కడివాళ్లను వెళ్లగొట్టాలని ఎవరనుకుంటారు అని భరోసా ఇచ్చారు. మర్యాదగానే రాశారు. అయితే ఖాలిదీ అడిగింది భూమి ధర గురించి కాదు. ఆ ప్రశ్నకు ఆ ఉత్తరంలో జవాబు దొరకదు.

నేటి చర్చల్లో ఈ లేఖ ప్రస్తావన వస్తూనే ఉంటుంది. ఒక పక్షం ఖాలిదీ ఒప్పుకున్న హక్కును మాత్రం ఎత్తి చూపుతుంది, రెండో పక్షం వేడుకోలును మాత్రం చదివి వినిపిస్తుంది. ఏడు పేజీలు రాసిన మనిషికి ఇది అన్యాయం.

యూదుల్లో ఖాలిదీలా ఆలోచించినవాళ్లు లేరా అంటే ఉన్నారు, అంతకంటే ముందే. ఒడెస్సా నుంచి 1891లో పాలస్తీనా వెళ్లిన హీబ్రూ రచయిత అహద్ హామ్, ఆ నేల ఖాళీగా పడి ఉందన్న నమ్మకం తప్పని తిరిగొస్తూ రాశారు. ఇసుక దిబ్బలు, రాళ్ల కొండలు తప్ప సాగు కాని చోటు దొరకడం కష్టమన్నారు. ఆయనా జియోనిస్టే!

మరి ఈ వాదంలో మన గాంధీజీ కూడా ఉన్నారని తెలుసా? 1938 నవంబర్ 26 ‘హరిజన్’ పత్రికలో ఆయన యూదుల గురించి వ్యాసం రాశారు. అందులోని ఒక వాక్యం అందరి నోటా నానుతుంది: ఇంగ్లండ్ ఇంగ్లీషువాళ్లది ఎలాగో పాలస్తీనా అరబ్బులది అలాగే అన్న అర్థం వచ్చేది. కానీ వ్యాసం మొదట్లోనే తన సానుభూతి అంతా యూదులవైపేనని ఆయన రాసుకున్నారు. దక్షిణాఫ్రికాలో ఆయనకు ఆప్తమిత్రుడైన హెర్మన్ కాలెన్‌బాక్ యూదుడే. గాంధీజీ అక్కడ నడిపిన టాల్‌స్టాయ్ ఫార్మ్‌కు 1,100 ఎకరాలు కొనిచ్చింది ఆయనే. జర్మనీలో యూదుల దుకాణాలు ధ్వంసం చేసి, ప్రార్థనా మందిరాలు తగలబెట్టి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. అలాంటి సమయంలో జర్మనీ యూదులు సత్యాగ్రహం చేయాలని గాంధీజీ సలహా ఇచ్చారు.

దానికి 1939 ఫిబ్రవరి 24న జెరూసలేం నుంచి తత్వవేత్త మార్టిన్ బూబర్ బహిరంగ లేఖ రాశారు. నాజీల జర్మనీ వదిలి వచ్చి ఏడాది కూడా నిండలేదు ఆయనకు. కాన్సన్‌ట్రేషన్ క్యాంపులో ఏం జరుగుతుందో మీకు తెలుసా, చూసే సాక్షే లేనిచోట సత్యాగ్రహానికి అర్థమేమిటి అని నిలదీశారు. అంత కోపంలోనూ, ఎక్కడైనా అన్యాయంగా మాట్లాడుతున్నానేమోనని తనను తాను తరచి చూసుకుంటూ నెమ్మదిగా రాశానని చెప్పుకున్నారు. పాలస్తీనా విషయానికి వచ్చేసరికి అరబ్బుల హక్కును కొట్టిపారేయలేదు. రెండు హక్కులూ నిజమేనని, ఏది గొప్పదో తూచి చెప్పలేమని, ఇద్దరూ కలిసి బతికే దారి వెతకాలని వాదించారు. రెండు రోజుల తర్వాత హీబ్రూ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు జూడా మాగ్నెస్ కూడా గాంధీజీకి రాశారు. వాళ్లిద్దరిదీ ఒకే పట్టు: ఒకే దేశం, రెండు జాతులు, సమాన హక్కులు. సొంతవాళ్లలోనే ఆ మాటకు పెద్దగా మద్దతు దొరకలేదు. అయినా ఏళ్ల తరబడి ఆ మాట మీదే నిలబడ్డారు.

తర్వాత ఈ వాదం నెహ్రూ దాకా వచ్చింది. 1947 జూన్ 13న శాస్త్రవేత్త ఐన్‌స్టీన్ జవహర్‌లాల్ నెహ్రూకు ఉత్తరం రాసి, పాలస్తీనా విషయంలో యూదులకు మద్దతివ్వమని కోరారు. రాజ్యాంగ సభ అంటరానితనాన్ని రద్దు చేసినందుకు అభినందిస్తూ మొదలుపెట్టారు. నెహ్రూ జూలై 11న జవాబిచ్చారు. యూదులపై సానుభూతి ఉందంటూనే, పాలస్తీనాలో ఇంత సాధించినా వాళ్లు అరబ్బుల సద్భావం ఎందుకు సంపాదించుకోలేకపోయారని అడిగారు.

ఆ వేసవిలోనే ఐక్యరాజ్యసమితి పాలస్తీనాకు పంపిన 11 దేశాల కమిటీలో భారత్ తరఫున లాహోర్ హైకోర్టు న్యాయమూర్తి సర్ అబ్దుర్ రహమాన్ ఉన్నారు. ఏడు దేశాలు పాలస్తీనాను యూదు, అరబ్బు దేశాలుగా విభజించాలని కోరాయి. భారత్, ఇరాన్, యుగోస్లావియా మాత్రం జెరూసలేం రాజధానిగా ఒకే సమాఖ్య దేశం ఉండాలన్నాయి. నివేదిక మీద సంతకాలు పడింది ఆగస్టు 31న, అంటే మన పంజాబ్ రెండుగా చీలి నెత్తురోడుతున్న రోజుల్లో. విభజన వద్దన్న ఆ న్యాయమూర్తి పనిచేసిన లాహోర్ అప్పటికి పాకిస్తాన్‌లో ఉంది. నవంబర్ 29న ఐక్యరాజ్యసమితిలో జరిగిన ఓటింగ్‌లో 33 దేశాలు విభజనకు ఔనన్నాయి, 13 కాదన్నాయి, 10 తటస్థంగా ఉన్నాయి. భారత్ కాదన్నవాటిలో ఉంది. అదే భారత్ 1950 సెప్టెంబర్ 17న ఇజ్రాయెల్‌ను గుర్తించింది, 1988లో పాలస్తీనానూ గుర్తించింది. కాబట్టి భారత్ ఎప్పుడూ ఒక పక్షమే అని ఎవరైనా బల్లగుద్ది చెబితే ఈ తేదీలు వాళ్ల ముందుంచండి.

చివరిగా ఇద్దరు తండ్రుల సంగతి. ఇజ్రాయెలీ అయిన రామీ ఎల్హనాన్ కూతురు స్మదార్‌కు పదమూడేళ్లు. 1997 సెప్టెంబర్‌లో జెరూసలేం బెన్ యెహూదా వీధిలో ఆత్మాహుతి బాంబు దాడిలో చనిపోయింది. పాలస్తీనీయుడు బస్సాం అరామిన్ కూతురు అబీర్‌కు పదేళ్లు. 2007 జనవరిలో మిఠాయి కొనుక్కుందామని బడి బయటికి వచ్చింది. ఇజ్రాయెల్ సరిహద్దు పోలీసు పేల్చిన రబ్బరు తూటా తలకు తగిలి ప్రాణం పోయింది. అప్పటికే బస్సాం, రామీ స్నేహితులు. బిడ్డల్ని పోగొట్టుకున్న రెండు వైపుల కుటుంబాలు నడిపే పేరెంట్స్ సర్కిల్ సంస్థలో చేరి, ఇద్దరూ పక్కపక్కన నిలబడి తమ కథలు చెబుతున్నారు. 1995లో ఆ సంస్థను మొదలుపెట్టిన యిట్జాక్ ఫ్రాంకెంతాల్ కూడా కొడుకును హమాస్ చంపేసిన తండ్రే. ఈ చర్చలో మొదట వినాల్సిన గొంతులు వీళ్లవే అని నేను గట్టిగా నమ్ముతాను. వాళ్ల ప్రసంగాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. రామీ మాట్లాడింది విన్నాక ఆపేయకండి, బస్సాం మాట్లాడింది కూడా వినండి.