గైడు కోసం ఎవరి చుట్టూ తిరగాలి?

ఆదోనిలో ఎమ్మే పూర్తిచేసిన పిల్లల్ని "పీహెచ్‌డీ చేయకూడదా?" అని అడిగితే, జవాబు చదువు గురించి రాదు, మనుషుల గురించి వస్తుంది. "మనకు యూనివర్సిటీలో ఎవరున్నారన్నా?" ఎమ్మిగనూరులోనూ ఇదే మాట. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981 నుంచి ఉంది, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అయినా లోపల తెలిసినవాళ్లు లేనిదే పని జరగదన్న నమ్మకం మాత్రం తగ్గలేదు.

అపోహ: గైడు దొరకాలంటే సిఫారసు కావాలి.

ముందు కావలసింది ఖాళీ. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది పరిశోధకులకు మించి ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లు కూడా లేనివారు కొత్తవారిని తీసుకోకూడదు. మన పిల్లలు పోయేదేమో పేరు మోసిన పెద్దాయన దగ్గరికి. ఆయన దగ్గర సీట్లు నిండి ఉంటాయి, లేదా ఆయన రిటైర్మెంటే దగ్గరపడి ఉంటుంది. ఆయన వద్దంటే "మనవాడు కాదని వద్దన్నాడు" అనుకుని ఇంటికొచ్చేస్తారు. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని అడిగి చూడండి. ఖాళీ ఉండొచ్చు, ఫోనెత్తే ఓపిక కూడా ఉండొచ్చు.

పలుకుబడి ఎక్కడా పనిచేయదని నేను ప్రమాణం చేయను. కానీ దానికి దొరికే చోటు చిన్నది. ప్రవేశ పరీక్ష ద్వారా వెళ్తే 70 శాతం రాతపరీక్షకు, 30 శాతం ఇంటర్వ్యూకు. 2024 జూన్ నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రానివారికి కూడా జాతీయ అర్హత పరీక్ష నెట్ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికి పనికొస్తోంది. లెక్క అదే 70, 30. ఆ స్కోరు ఏడాది చెల్లుతుంది.

అపోహ: పరిచయాలు పెంచుకోవడమంటే పెద్దల ఇళ్ల చుట్టూ తిరగడం.

ఫోన్లో శోధగంగ వెబ్‌సైటు తెరవండి. దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు లక్షల్లో ఉన్నాయి, పైసా అడగరు. మీ విషయానికి దగ్గరగా ఉన్నదొకటి పట్టుకుని మొదట కృతజ్ఞతల పేజీ చదవండి. చాలామంది దాటేసే పేజీ అది. ఏ గైడు దగ్గర చేశారు, ఏ ఆఫీసు రికార్డులు చూపించింది, ఏ లైబ్రరీలో కూర్చున్నారు, ఏ ఊళ్లో ఎవరు అన్నం పెట్టారు, అన్నీ అక్కడే ఉంటాయి. తర్వాత చివరి అధ్యాయం. ఇంకా చేయాల్సిన పని ఏముందో అక్కడ రాసి ఉంటుంది. ఆ గ్రంథం రాసినవారికి "మీరు ఆపిన చోట నాకు ఈ సందేహం వచ్చింది" అని నాలుగు వాక్యాలు రాయండి. "సార్, నేను పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నాను, టాపిక్ చెప్పండి" అన్న ఉత్తరం రోజూ వస్తుంది, దానికి జవాబు రాదు. సందేహం అడిగిన ఉత్తరం అరుదు.

"మా దగ్గర అడగడానికేముంది?" అంటారు. ఆదోని పత్తి యార్డు ఉంది. కోసిగి, కౌతాళం వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వెళ్లే కుటుంబాలున్నాయి, వాళ్ల పిల్లల బడి సంగతేంటో వాళ్లే చెప్పగలరు. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో పెట్టిన నేతగాళ్ల సహకార సంఘం ఉంది, ఆ కాలం మాటలు విన్న ముసలివాళ్లున్నారు. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ ఒకే అంగట్లో వినిపిస్తాయి. క్యాంపస్‌లో ఉండేవాడు వీటికోసం లాడ్జిలో దిగి, భాష తెలిసిన తోడు వెతుక్కోవాలి. మీకు ఇంటి గడప దాటితే చాలు. హిస్టరీ కాంగ్రెస్ లాంటి సభలకు ఇందులో ఒక్క ముక్క పట్టుకెళ్లండి. టీ తాగేటప్పుడు మిమ్మల్ని వాళ్లే పలకరిస్తారు.

అపోహ: ఆడపిల్లకు పెళ్లయితే పరిశోధన ఆగిపోయినట్టే.

ఇది చదివేవారిలో ఒక్కరికైనా పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను. మామూలు గడువు ఆరేళ్లు, మళ్లీ నమోదు చేసుకుంటే ఇంకో రెండు. మహిళలకు దానిపైన మరో రెండేళ్లు, అంటే మొత్తం పదేళ్ల దాకా. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు ఉంది. పెళ్లయి వేరే ఊరు వెళ్తే అప్పటిదాకా సేకరించిన సమాచారాన్ని అక్కడి విశ్వవిద్యాలయానికి మార్చుకోనివ్వాలని కూడా నిబంధన చెబుతోంది. నిధులిచ్చిన సంస్థ ప్రాజెక్టులో భాగమైన పనికి మాత్రం ఇది వర్తించదు. ఎమ్మిగనూరు అమ్మాయి బళ్లారి కోడలైతే చేసిన పని అటకెక్కించనక్కర్లేదు. సంబంధం చూసేటప్పుడే ఈ మాట చెప్పేయడం నయం.

అపోహ: ఉద్యోగం మానుకోవాలి, లేదంటే దూరవిద్యలో చేసేయొచ్చు.

రెండూ తప్పే. పార్ట్‌టైమ్ ఉంది, పనిచేసే చోటు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. దూరవిద్య, ఆన్‌లైన్ పీహెచ్‌డీలను యూజీసీ ఒప్పుకోదు. జేఆర్‌ఎఫ్ కింద మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు వస్తాయి. అది పూర్తికాలం చేసేవారికే.

అపోహ: డబ్బు కట్టి రెండు పేపర్లు వేయించుకుంటేనే డిగ్రీ.

2022 నిబంధనల్లో పేపరు తప్పనిసరి అనే షరతు లేదు. కొన్ని విశ్వవిద్యాలయాలు సొంతంగా పెట్టుకుంటాయి, మీరు చేరేచోట కనుక్కోండి. యూజీసీ ఒప్పుకున్న పత్రికల కేర్ జాబితా కూడా 2025 ఫిబ్రవరిలో పోయింది. ఆ పేరు చెప్పి "మూడు రోజుల్లో ప్రచురణ" అంటూ వాట్సాప్‌లో రేటు పంపేవాడికి కట్టే డబ్బుతో ఆదోని నుంచి కర్నూలుకు ఎన్నిసార్లు పోయిరావచ్చో లెక్కేసి చూడండి.