రికార్డు వెనుక వెండిపొర

గ్రామఫోను రికార్డులోని గాడి వంకరలే గానమని శ్రోతలెల్లరు ఎరిగినదే. ఒక్క గాడినుండి వేలకొలది రికార్డులు పుట్టుట ఎట్లో మాత్రము పలువురకు తెలియదు. దాని కీలకము వెండిలో నున్నది.

పాటను మొదట కోయునది అల్యూమినియము పళ్ళెముపై పూసిన లాకరుమీద. నైట్రోసెల్యులోజు అను ప్లాస్టికు దానికి మూలద్రవ్యము. మెత్తనిది గనుక సూదిమొన చెప్పినట్లు వినును. మెత్తనిది గనుకనే కొన్ని పర్యాయములు మ్రోగించినచో అరిగిపోవును. కావున దాని అచ్చును లోహములో తీయవలెను. నికెలు ద్రావణమున ముంచి విద్యుత్తు పంపిన చాలదా యందురేమో. చాలదు. ప్లాస్టికు విద్యుద్వాహకము కాదు. విద్యుత్తు పారని చోట లోహము పేరుకొనదు.

పూర్వము మైనపు పళ్ళెములపై గ్రాఫైటు పొడి రుద్దెడివారు. ఎంత మెత్తనిదైనను పొడి పొడియే. దాని రేణువులు రికార్డులో బుసగా వినబడెడివి. ఎడిసన్ మహాశయుడు గాలి తీసిన పాత్రలో బంగారపు పొర దింపెను. వెండిపూత అంతకంటె సులువైనది.

లాకరును జిడ్డులేకుండ కడిగి, తగరపు క్లోరైడు ద్రావణముతో తడుపుదురు. తగరము ప్లాస్టికు నంటుకొని, వెండి నిలుచుటకు తావు కల్పించును. పిమ్మట అమోనియా కలిపిన సిల్వరు నైట్రేటు ద్రావణమును, గ్లూకోజు వంటి క్షయకరణ ద్రవ్యమును ఒక్కసారిగా చిమ్ముదురు. చూచుచుండగనే పళ్ళెము అద్దమగును. అద్దముల వెనుక వెండి పూయువారి విద్యయే ఇది.

ఆ పొర మందము మిల్లీమీటరులో సుమారు 10,000వ వంతు. అది గాడిని పూడ్చివేయదా యని సందేహింప నక్కరలేదు; మనకు కావలసినది గాడిని తాకియున్న ముఖము గాని పై ముఖము కాదు. భయమెల్ల ఖాళీలవలననే. వ్రేలిముద్ర జిడ్డున్నచోట వెండి అంటదు. ఆ మచ్చ ప్రతి రికార్డులోను టక్కుమని పలుకును. పలుచని వెండి హెచ్చు విద్యుత్తును భరింపలేదు, లాకరు వేడిని భరింపలేదు. కనుక మొదట నికెలును మెల్లమెల్లగా ఎక్కింతురు.

అచ్చును ఊడదీయునప్పుడు లాకరు సాధారణముగా చెడిపోవును. నేడు టేపునుండి మరల కోయవచ్చును. టేపు రాకమునుపు గాయకులు నేరుగా మైనముమీదకే పాడెడివారు; అచ్చు చెడినచో ఆ పూట పాడిన పాట పోయినట్లే. కలకత్తా చెంత డమ్‌డమ్‌లో ముద్రితములైన మన పాత తెలుగు పాటలును ఇట్టి గండము గడచి వచ్చినవే.

ఆ మొదటి లోహపు అచ్చునకు తండ్రి యని పేరు. దానినుండి తల్లిని, తల్లినుండి స్టాంపరును తీయుదురు. రికార్డులు అచ్చొత్తునది స్టాంపరు. అది అరిగినచో తల్లినుండి మరియొకటి తీయుదురు.